ఎన్నో దినం, ఎన్ని దినాలు

ప్రయోగశాలల్లో కొత్తగా ఉద్యోగానికి చేరేవారికి సాధారణంగా ఎవరూ చెప్పని ఒక సంగతి చెప్పడానికి ఇది రాస్తున్నాను. నా పదోన్నతులు, బదిలీ ఉత్తర్వులు, చివరి రోజున కప్పిన శాలువా ఇందులో లేవు. వాటి వల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

ఉద్యోగం చేసినంత కాలమూ నేను రెండు రకాల పుస్తకాలు రాశాను. ఒకటి కార్యాలయపు రిజిస్టరు. అది శుభ్రమైన ప్రతి, ఇంగ్లీషులో ఉండేది. రెండోది నా సొంత డైరీ. అది తెలుగులో, రంగుమరకల మధ్య, పని జరుగుతుండగానే గీకినది. రిజిస్టర్లు ఇప్పుడు లేవు. డైరీలు ముప్పై ఒకటి నా బీరువాలో ఉన్నాయి. కింద రాసిన ప్రతి విషయమూ వాటిని ముందు పెట్టుకొని రాసినదే. నాకు అనుకూలమైనవి మాత్రమే ఏరుకోలేదు. ఏరుకుందామన్నా అలాంటివి ఎక్కువ లేవు.

మేం వెతికినది

డెబ్బయ్యో దశకం చివరి సంవత్సరాల్లో, తమిళనాడులోని తిరువళ్ళూరు ఊరి బయట ఒక ధర్మసంస్థ నడిపిన చిన్న పరిశోధనాశాలలో నేను టెక్నీషియన్‌గా పనిచేశాను. మాది తిరుత్తణిలో మగ్గం పని చేసుకునే తెలుగు కుటుంబం. పొద్దున రైలెక్కి, అరక్కోణంలో బండి మారి, తొమ్మిదికి ముందే బల్ల దగ్గర కూర్చునేవాణ్ని.

శరీరంలోకి చొరబడిన క్రిములను మింగే భక్షక కణాలు ఉంటాయి. వాటి పైపొర మీద గ్రాహకం అనే ఒక అమరిక ఉంటుంది. యాంటీబాడీ అనే ప్రతిరక్షకం అంటుకున్న క్రిమిని ఆ కణం పట్టుకునేది దానితోనే. ఆ గ్రాహకం పుట్టుకతోనే ఉంటుందా? ఏ అవయవంలో ముందు వస్తుంది, ఏ అవయవంలో వెనక వస్తుంది? ఇదీ మా ప్రశ్న. పసిబిడ్డలు ఊపిరితిత్తుల జబ్బులతో చనిపోవడం చుట్టుపక్కల ఊళ్ళలో మాకు కొత్త కాదు. అందుకే మా డైరెక్టరు ఈ పని ఎత్తుకున్నారు. మనుషుల మీద చూడలేనిదాన్ని తెల్ల చిట్టెలుకల మీద చూడాలి. తల్లి కడుపులో ఉన్న పిల్లలు, పుట్టిన పిల్లలు, పెరిగిన ఎలుకలు, అన్నిటి అవయవాలనూ వరసగా చూడాలి.

పద్ధతి చెబుతాను. వారానికొకసారి సైకిలు మీద పాండూరు పోయి, ఒక రైతు మందలోని గొర్రె నుంచి కొద్దిగా నెత్తురు తెచ్చేవాణ్ని. గడ్డకట్టకుండా సీసాలో గాజుపూసలు వేసి, దారంతా కుదుపుతూ తేవాలి. అందులోని ఎర్రకణాలకు ప్రతిరక్షకం పూత వేయాలి. ఎలుక అవయవాన్ని గడ్డకట్టించి, పల్చటి పొరలుగా కోసి, గాజుపలకల మీద పరిచి, ఈ ఎర్రకణాలను పైన పోయాలి. కాసేపు ఆగి కడిగేస్తే, గ్రాహకం ఉన్న చోట ఎర్రకణాలు అతుక్కొని ఉండిపోతాయి. లేని చోట కొట్టుకుపోతాయి.

కడుపులోని పిల్లల కాలేయంలో అది ముందే కనబడింది. ప్లీహంలో కొంత వెనకగా వచ్చింది. పుట్టిన పిల్లల ఊపిరితిత్తుల్లో దాదాపు ఏమీ లేదు. పెద్ద ఎలుకల ఊపిరితిత్తుల్లో గుంపులు గుంపులుగా ఉంది. ఈ రెంటి మధ్య అది ఏ రోజున వస్తుంది? మా పని విలువంతా ఆ ఒక్క రోజు మీద ఆధారపడింది.

మునెమ్మ గీతలు

ఎలుకల గది మునెమ్మది. ఆమె సొంత ఊరు పళ్ళిపట్టు. తిరువళ్ళూరులో గది అద్దెకు తీసుకొని ఉండేది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. తెలుగు గానీ తమిళం గానీ రాయడం రాదు. పంజరం దగ్గర ముక్కు పెట్టి లోపల ఏ తల్లి ఈనబోతోందో చెప్పేది, తప్పేది కాదు. ఈనిన ఎలుకను బాలింత అనేది. బాలింత ఉన్న పంజరం దగ్గర మమ్మల్ని గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. డైరెక్టరుకు ఆమె పెట్టిన పేరు ఎలకల దొర. ఆయన ఉత్తరాది మనిషి. ఇంగ్లీషు తప్ప మా మాట ఒక్కటీ నేర్చుకోలేదు. ఆయనకూ ఆమెకూ మధ్య మాట చేరవేసే పని నాది.

పిల్లల వయసు రాసిపెట్టే ఏర్పాటు చేయమని ఆయన నాతో అన్నారు. నేను మునెమ్మకు చెప్పినది డైరీలో ఉన్నది ఉన్నట్టు ఉంది.

"మునెమ్మా, పంజరానికొగ చీటీ కట్టినాను. పిల్లలు పుట్టినాక ఎన్నో దినమో తెలిసేటట్టు దీనిమీద గీత పెట్టల్ల. దినానికి ఒగ గీత."

"అంతేనా? ఇంగ్లీసు రాయమంటారేమో అనుకున్నానన్నా."

"ఇంగ్లీసు నాకే సరిగ్గా రాదు."

"అది మీ రిజిస్టరు చూస్తేనే తెలస్తా ఉంది. దాంట్లో ఎర్రగా ఉండేదంతా దొర చెయ్యే కదా!"

ఎన్నో దినమో అన్నాను. ఎన్ని దినాలో అనలేదు. ఆ తేడా ఆనాడు నా చెవికి వినబడలేదు.

కోత రోజున ఆమె పొద్దున్నే ఆ నాటి గీత పెట్టి, పిల్లలను, చీటీని కలిపి నా బల్ల మీద పెట్టేది. మూడు గీతలుంటే నేను రిజిస్టరులో వయసు మూడు రోజులు అని రాసేవాణ్ని. రిజిస్టరులో పుట్టిన తేదీకి కూడా ఒక గడి ఉంది. చీటీ మీద తేదీ ఉండదు కాబట్టి, కోత తేదీలోంచి మూడు తీసేసి ఆ గడి నింపేవాణ్ని. ఖాళీ గడి నా కంటికి నచ్చదు. ఈ అలవాటును నేను చాలా కాలం క్రమశిక్షణ అనుకున్నాను.

నా మొదటి తప్పు

డైరెక్టరు చెడ్డ శాస్త్రవేత్త కారు. నాకు పని నేర్పినవారు ఆయనే. ఆ రుణం తక్కువ చేసి రాయను. మొదటి ఏడాది పెద్ద ఎలుకల కాలేయంలో ఎక్కడ చూసినా ఎర్రకణాలు కనబడ్డాయి. పరుగున పోయి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"పూత వేయని ఎర్రకణాలు పోసి చూశావా?"

చూడలేదు. చూస్తే అవీ అంతే అతుక్కున్నాయి. నేను కడగడం చాలక జరిగిన తప్పు అది. "నువ్వు కోరుకున్నది కనబడిన రోజున, అది కనబడకూడని చోట కూడా వెతుకు" అన్నారాయన. ఇంతకంటే విలువైన మాట నా ఉద్యోగ జీవితంలో ఎవరూ చెప్పలేదు. దాన్ని ఒక్క గాజుపలకలకే వాడి, మనుషుల విషయంలో వాడకపోవడం ఆయన చేసిన నేరం. మునెమ్మ విచారణ రోజున నోరు మూసుకొని ఉండడం నాది.

విచారణ

ఊపిరితిత్తుల్లో గ్రాహకం మూడు రోజుల వయసున వస్తుందని, రెండు రోజుల పిల్లల్లో ఉండదని మా పట్టికలు తేల్చాయి. డైరెక్టరు ఆ ఫలితాన్ని ఒక సభలో చదివారు. కొన్నాళ్ళకు మరో ఊరి పరిశోధకుడొకరు ఉత్తరం రాశారు. తమ పరీక్షల్లో రెండు రోజుల పిల్లల్లోనే అది స్పష్టంగా ఉందని, మా ఎలుకల వయసులు సరిచూసుకుంటే మంచిదని అందులో ఉంది.

సభలో నలుగురి ముందు చదివినది తప్పని ఉత్తరం వస్తే ఎవరికైనా కోపమే. డైరెక్టరు మూడు ఎలుకలు ఈనడం తానే దగ్గరుండి చూసి, తానే తేదీలు రాసుకొని, ఆ పిల్లలను కోతకు తెచ్చారు. రెండు రోజుల పిల్లల్లోనే ఎర్రకణాలు అతుక్కున్నాయి. ఉత్తరం రాసినవారి మాటే నిజం. ఇక తప్పు గాజుపలకల్లో లేదు, వయసుల్లో ఉంది. వయసులు మునెమ్మవి.

రిజిస్టరు తిరగేస్తూ ఆయన ఒక గడి దగ్గర ఆగారు. ఆరో పంజరం, ఏడు పిల్లలు. నేను రాసిన పుట్టిన తేదీ ఆడికృత్తిక పండుగ నాటిది. ఆ రోజు తిరుత్తణి కొండకు కావళ్ళు పోతాయి. మా శాలకు శెలవు. ఎలుకల గదికి తాళం. మునెమ్మ మొక్కు తీర్చుకోవడానికి కొండకు పోయింది. ఇది అందరికీ తెలుసు.

ఆమెను పిలిపించారు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"తాళం వేసిన గదిలో ఈ పిల్లలు పుట్టడం ఎవరు చూశారో అడుగు" అన్నారు డైరెక్టరు.

నేను అడిగాను. "మునెమ్మా, ఆరో పంజరం పిల్లలు ఆడికృత్తిక దినం పుట్టినట్టు రాసుండాది. ఆ పొద్దు నువ్వు లేవు కదా?"

"ఆడికృత్తిక దినమా? ఎవురు చెప్పిందన్నా? నేను కొండకి పోయింటిని. మర్నాడు పొద్దున వచ్చి తలుపు తీస్తే ఏడు పిల్లలు. బొడ్డు తడి గూడా ఆరలా. మీకు చెప్పినా కదా!"

"రిజిస్టర్లో వేరేగా ఉండాదే."

"రిజిస్టరు నాకేం తెల్సు? నా గీతలు చూడండి. పెద్ద పిల్లలుండే పంజరాలకి, నేను లేని దినానికీ కలిపి రెండు గీతలు పెట్టినా. దీనికి ఒగటే పెట్టినా. పుట్టినది ఒగటి, మర్నాడు రెండు, మూడో దినం మీ బల్లమీద పెట్టినా. నా కణక్కులో తప్పు లేదన్నా."

కణక్కు అంటే ఆమె భాషలో లెక్క. ఆ కొద్ది మాటల్లో ఆమె నిర్దోషి అని తేల్చే సాక్ష్యమంతా ఉంది. డైరెక్టరుకు నేను ఇంగ్లీషులో చెప్పినది ఒక్కటే: "మర్నాడు చూశానంటోంది." మిగిలినది గీతల గోల అనుకున్నాను. ఆయన గంట మోగిస్తున్నట్టు పెన్సిలుతో బల్ల మీద కొడుతున్నారు. త్వరగా ముగిస్తే చాలనిపించింది.

"అంటే, చూడకుండానే పుట్టినట్టు రాయించింది. ఒకటి ఇలా ఉంటే మిగతావి ఎలా నమ్మడం?"

ఆయన ఎర్రసిరా కలం తీసి, రిజిస్టరులో ఆ పుట మీద అడ్డంగా, సహాయకురాలు అబద్ధపు నమోదులు చేసింది అని ఇంగ్లీషులో రాశారు. అదే వాక్యాన్ని ఆమె సర్వీసు కాగితంలోనూ ఎక్కించారు. ఆ వారంలోనే ఆమెను పనిలోంచి తీసేశారు.

ఆమె చివరిసారి ఎలుకల గదికి తాళం వేసి, తాళపుచెవి నాకు ఇచ్చింది.

"అన్నా, దొర ఎర్రగా ఏమో రాసినాడు కదా. ఏమని?"

"ఏమీ లేదు మునెమ్మా."

"ఏమీ లేకుండానే నన్ను పొమ్మన్నారా? చెప్పండన్నా."

"నువ్వు బొంకు రాసినావని."

ఆమె వెనక్కి తిరిగి తాళం లాగి చూసింది. "నాకు రాసేదే రాదే" అంది.

నిజమే. ఆ రిజిస్టరులో ఆమె రాసిన అక్షరం ఒక్కటీ లేదు. అందులో ప్రతి అంకె నా చేతిరాత. డైరెక్టరు అది గమనించలేదు. నేను గమనించి కూడా, ఈ తీసివేతలన్నీ నేను చేసినవేనని నోరు తెరచి చెప్పలేదు. నా తీసివేత తప్పయి ఉండవచ్చునన్న ఆలోచనే నాకు రాలేదు. శుభ్రంగా రాసేవాడికి పట్టే గుడ్డితనం అది.

బొటనవేలు

కొన్ని నెలల తర్వాత తిరుత్తణిలో మా తమ్ముడికి కొడుకు పుట్టాడు. పదకొండో దినాన పురుడు కడిగి పేరు పెట్టాలి.

"అన్నా, పదకొండో దినం ఏ వారం వస్తాది? చూసి చెప్పు" అన్నాడు తమ్ముడు.

నేను వేళ్ళు మడవడం మొదలుపెట్టాను. మంగళవారం పుట్టాడు. బొటనవేలు మడిచి మంగళవారం ఒకటి అన్నాను. చూపుడువేలు మడిచి బుధవారం రెండు అన్నాను. అక్కడే ఆగిపోయాను.

"ఏమన్నా, నిలిపేస్తివి? పదకొండు లెక్కబెట్టేదానికి మైక్రోస్కోపు కావల్లా?"

తమ్ముడి ఇంట్లో అందరూ నవ్వారు. మడిచిన రెండు వేళ్ళను నేను విప్పలేదు. మా ఇళ్ళలో పుట్టిన దినమే మొదటి దినం. పురుడైనా, మైలయినా, మొక్కు ఉపవాసమైనా అంతే. ఎన్నో దినం అని అడిగితే మునెమ్మ అలాగే లెక్క పెట్టింది. ఇంకెలా పెడుతుంది? నేనే అడిగాను ఎన్నో దినమని. ఆమె మూడో దినం అని గీతలతో జవాబు చెప్పింది. నేను మూడు దినాలు అని రాశాను. మూడో దినం పిల్లకు నిండినవి రెండు దినాలే. నా పట్టికలన్నీ ఒక రోజు జరిగిపోయాయి. నా తీసివేతలన్నీ ఒక రోజు వెనక్కి పోయి, ఆరో పంజరం పిల్లలను తాళం వేసిన గదిలో పుట్టించాయి.

మర్నాడు శాలకు పోయి ఆడికృత్తిక వారపు డైరీ తీశాను. ఆడికృత్తిక పుటలో, శెలవు, ఎలుకల గది తాళం అని ఉంది. మరుసటి పుటలో, నా చేత్తోనే, మునెమ్మ చెప్పింది, ఆరో పంజరంలో ఏడు పిల్లలు, బొడ్డు తడి అని ఉంది.

మీకు చెప్పినా కదా అని ఆమె విచారణలో అన్నది దీన్నే. ఆ రోజున డైరీ నా బల్ల సొరుగులో, ఆమె నిలబడిన చోటికి పది అడుగుల దూరంలో ఉంది. మరకల డైరీ కంటే శుభ్రమైన రిజిస్టరునే నేను నమ్మాను. ఇప్పుడు చేరేవారికి చెబుతున్నాను: శుభ్రమైన ప్రతి సాక్ష్యం కాదు. అది మీ అభిప్రాయం. లెక్క పెట్టే మనిషిని, ఎలా లెక్క పెడుతున్నావని ఒక్కసారైనా అడగండి. మాట చేరవేసే పని మీ మీద పడితే, మీకు అనవసరమనిపించిన ముక్కను కూడా చేరవేయండి. అనవసరమో కాదో తేల్చే హక్కు మీకు లేదు.

డైరెక్టరుకు రెండు పుస్తకాలూ చూపించాను. ఆయన రెండు నిమిషాల్లో అర్థం చేసుకున్నారు. ముఖం వెలిగింది.

"అయితే మన ఫలితం తప్పు కాదు! వాళ్ళదీ మనదీ ఒకటే. వయసుల గడి మార్చి మళ్ళీ టైపు చేయించు."

"మునెమ్మ సంగతి?"

"ఆమె ఎప్పుడో వెళ్ళిపోయింది కదా."

"ఎర్రసిరా మాట కొట్టేయాలి సార్. సర్వీసు కాగితంలో కూడా ఉంది."

"కొట్టేస్తే ఎందుకు కొట్టేశావని అడుగుతారు. పంపించినది నేను. నీ తీసివేతలు చూసి పంపించాను. అది కూడా రాయమంటావా?"

నేను రాయమనలేదు. పెళ్ళికి ఎదిగిన చెల్లెలు, మూలపడ్డ మగ్గాలు, నెల తిరిగితే నా ఒక్క జీతం. ఈ కారణాలన్నీ నిజమైనవే. అయినా ఏ ఒక్కటీ చాలదు.

పళ్ళిపట్టు

తర్వాతి ఆదివారం తిరుత్తణిలో బస్సెక్కి పళ్ళిపట్టు పోయాను. మునెమ్మ ఒక కళ్ళంలో పదిమంది ఆడవాళ్ళతో కూర్చొని వేరుశనగకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేచి, పక్కకు వచ్చింది.

"యాడికన్నా ఇంత దూరం? ఎలకలన్నీ సచ్చినాయా?"

చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా, ఎన్నో దినం, ఎన్ని దినాలు, తీసివేత, డైరీ, అన్నీ చెప్పాను. ఆమె చేతిలోని కాయను చిదపకుండా పట్టుకొని విన్నది.

"అంటే, పుట్టిన దినాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు" అన్నాను.

"ఎందుకు తీసుకోలా? ఆ దినం అవి బతకలేదా?"

ఆమె చేతిలోని కాయను చిదిపి ఒడిలో వేసుకుంది.

"సరి. ఇప్పుడు తెలిసింది కదా. దొర ఏమన్నాడు?"

"పట్టికలు మార్చినాడు."

"నా మీద రాసింది?"

"అది అట్లనే ఉండాది."

కళ్ళంలోంచి ఎవరో ఆమెను పిలిచారు. వస్తా ఉండానని అరిచి, నా వైపు తిరిగింది.

"తిరుత్తణి ఆసుపత్రిలో ఆయా పని ఖాళీ ఉంటే పోయి అడిగినా. ముందు చేసిన తావునించి కాగితం తెమ్మన్నారు. మీ ఆఫీసుకి జాబు రాయించినా. కాగితం వచ్చింది. దాన్ని సదివిన నర్సమ్మ నన్ను కిందనుంచి మీదికి చూసి, బిడ్డలుండే చోట నీ మాదిరోళ్ళు వద్దు అనింది. ఎలకలకి పుట్టని దినం పుట్టించినా అంట. రేపు బిడ్డల్ని మారిస్తేనో అని." ఆమె చీర మీది పొట్టు దులుపుకుంది. "ఆ కాగితం మార్చుకోని రాన్నా. ఇంగేమీ వద్దు నాకు."

మారుస్తానని మాట ఇచ్చాను. ఆమె ఒడిలోని కాయలు కొన్ని కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది.

నేను మార్చలేదు. మళ్ళీ ఒకసారి డైరెక్టరును అడిగాను. ఆయన తల ఎత్తలేదు. నా సొంత సంతకంతో ఆసుపత్రికి ఒక ఉత్తరం రాసి ఉండవచ్చు. టెక్నీషియన్ సంతకానికి విలువేముందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన ఆ పదవి వదిలి పోయే దాకా ఆగుదామనుకున్నాను. ఆయన పోవడానికి ఆరేళ్ళు పట్టింది. అప్పుడు పాత కాగితాల గది తెరిపిస్తే, చెదలు పట్టాయని ఆ ఏళ్ళ రిజిస్టర్లన్నీ, సర్వీసు కాగితాలతో సహా, అంతకు ముందే తగలబెట్టేశారని తెలిసింది. ఎర్రసిరా వాక్యం కూడా వాటితోనే పోయింది. దాన్ని కొట్టేయడానికి ఇక ఏ పుటా మిగల్లేదు.

ఆ కబురైనా చెబుదామని పళ్ళిపట్టు పోయాను. కళ్ళంలో వేరే ఆడవాళ్ళు ఒలుస్తున్నారు. మునెమ్మ జ్వరంతో చనిపోయి రెండేళ్ళయిందని, చివరి దాకా ఆ కాయల పనే చేసిందని చెప్పారు.

ఒక అంకె

మొదటిసారి పళ్ళిపట్టు నుంచి తిరిగి వచ్చిన రోజు డైరీ పుట ఇప్పుడు నా ముందుంది. బస్సులోనే రాసినట్టున్నాను, అక్షరాలు కుదిపినట్టు ఉన్నాయి. మునెమ్మను అబద్ధాలకోరు అని పంపించి నేటికి నూట నలభై రెండు దినాలు అని ఉంది. ఒక తేదీలోంచి మరో తేదీ తీసేసి రాసినది. నా అలవాటు.

ఆ అంకెను ఈ రోజు కొట్టేశాను. పక్కన నూట నలభై మూడు అని రాసి, సంతకం చేసి, తేదీ వేశాను. ఆమెను పంపించిన దినాన్ని నేను లెక్కలో వేయలేదు. ఆ దినం కూడా ఆమె బతికింది.